లేపాక్షికి పొద్దున్నే తీసుకెళ్లండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రిగారూ,

నేను అనంతపురంవాణ్ణి. ఫొటోలు తీయడమంటే ప్రాణం. సొంత కారు లేని చాలామందిలాగే మా సీమలో చూడదగ్గ చోట్లకు నేనూ ఎక్కువగా టూరు బస్సుల్లోనే వెళ్లాను, చుట్టాలతో, స్నేహితులతో, ముక్కూ మొహం తెలియనివాళ్లతో. ఆ బస్సులు ఎప్పుడు ఆగుతాయి, ఎంతసేపు ఆగుతాయి అన్న దాని గురించే ఈ ఉత్తరం. చిన్న విషయంలా కనిపించొచ్చు. కానీ మా కరువు సీమను లోకం ఏ రూపంలో చూస్తున్నదో ఆ టైం టేబులే నిర్ణయిస్తోంది. అందుకే పత్రికాముఖంగా మీకు రాస్తున్నాను.

బెంగళూరు నుంచో అనంతపురం నుంచో ఆరింటికి కదలాల్సిన బస్సు అందరినీ ఎక్కించుకునేసరికి ఏడు దాటుతుంది. దారిలో టిఫిను. లేపాక్షి చేరేసరికి పదిన్నర, పదకొండు. ముందు నంది, తర్వాత గుడి, ఆ వెంటనే భోజనం. అక్కణ్నుంచి పెనుకొండ. పొద్దు వాలే వేళకు పుట్టపర్తి. ప్రైవేటు టూర్ల కరపత్రాలు ఏవి చూసినా ఇంచుమించు ఇదే వరస. రోజు మొత్తంలో రాతికి ప్రాణం పోసే వెలుగు రెండు సార్లు వస్తుంది. పొద్దుటి వెలుగు టిఫిను దగ్గర అయిపోతుంది. సాయంత్రం వెలుగు వచ్చేసరికి బస్సు పుట్టపర్తిలోని ప్రశాంతి నిలయం ఆశ్రమం దగ్గర ఉంటుంది. అక్కడి దర్శనం హాల్లోకి కెమెరాలు, ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. అది వాళ్ల నియమం, అందరం పాటించాల్సిందే. కానీ లేపాక్షికి దక్కాల్సిన వెలుగును దారిలోనే పోగొట్టుకుని, ఫొటోకు ఎంతమాత్రం పనికిరాని మిట్టమధ్యాహ్నాన్ని దానికి మిగిల్చామన్నది మాత్రం నిజం.

లేపాక్షి 14 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త దిగువన ఉంది. అందుకని ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రెంటికీ మధ్య నెలల్లోనూ పెద్దగా పక్కకు జరగడు. బడులకు సెలవులు, బస్సులు నిండేదీ అప్పుడే. కప్పు లేని కల్యాణ మండపంలో శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలూ ఋషులూ స్తంభాల మీద నిలువెత్తున నిలబడి ఉంటారు. ఆ ఎండలో వాళ్లకు కనుబొమల కింద కళ్లు కనబడవు, ముక్కు కింద నోరు కనబడదు. నందిదీ అదే గతి. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకే గ్రానైట్ బండ. మెడలో గంటల పట్టెడ, వీపు మీద జూలు అంచులు, అన్నీ లోతు తక్కువ చెక్కడాలు. పక్క నుంచి వెలుగు తగిలితేనే అవి లేచి కనిపిస్తాయి. మధ్యాహ్నం తీసిన ఫొటోలో వీపు తెల్లగా తేలిపోతుంది, పొట్ట నల్లగా మునిగిపోతుంది. ఎంత ఖరీదైన కెమెరా అయినా ఆ రెంటినీ ఒకే ఫొటోలో సరిగ్గా పట్టలేదు.

ఇక గుడి లోపలి మాట. లేపాక్షిలో అసలు సంపద తలెత్తి చూస్తేనే కనిపిస్తుంది. అచ్యుత దేవరాయలు విజయనగరాన్ని ఏలిన కాలంలో (1529-1542) విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ గుడిని కట్టించారు. నాట్య మండపం కప్పు నిండా బొమ్మలే. అర్జునుడు పందిని కొట్టిన కథ, పార్వతి పెళ్లి, ద్రౌపది స్వయంవరం, ఆవుకు న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ. గర్భగుడి ముందర అర్ధమండపం కప్పు మీద ఇరవై అడుగులకు పైబడిన వీరభద్రుడు, ఆయన పాదాల దగ్గర ఈ గుడి కట్టించిన అన్నదమ్ములూ వాళ్ల పరివారమూ. ఎర్రమట్టి, పసుపుమట్టి, నలుపు, ఆకుపచ్చ, సున్నపు తెలుపు. ఆడవాళ్ల కొప్పులు, మగవాళ్ల పొడుగాటి కుల్లాయిలు, చీరల మీది గళ్లు, పువ్వులు, హంసలు. ఐదు వందల ఏళ్ల కింద ఈ నేల మీద మనుషులు ఏం కట్టుకున్నారో, ఎలా నిలబడ్డారో చూపే ఇంత పెద్ద సాక్ష్యం మనకు ఇంకోచోట దొరకడం కష్టం. 2022లో ఈ గుడి, నంది కలిసి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరడానికి ఈ చిత్రాలు కూడా ఒక కారణం.

ఎండలోంచి లోపలికి అడుగుపెట్టినవాడికి ఇవేవీ కనబడవు. కళ్లు చీకటికి అలవాటు పడటానికే కొన్ని నిమిషాలు పడుతుంది. ఆలోగా గైడు వేలాడే స్తంభం దగ్గరికి చేరిపోతాడు. ఫోను పైకెత్తి పట్టుకుంటే, స్తంభాల సందుల్లో మండుతున్న వెలుగును చూసి అది కప్పును నల్లగా చేసేస్తుంది. దాంతో జనం ఫ్లాష్ కొడతారు. పాత రంగుల మీద మాటిమాటికీ ఫ్లాష్ పడటం మంచిది కాదని మ్యూజియాలు చాలాకాలంగా చెబుతున్నాయి. అదలా ఉంచినా అంత ఎత్తున్న కప్పు మీద ఫ్లాష్ వెలుగు సమంగా పరుచుకోదు. నడిమధ్య తెల్లటి మచ్చ, చుట్టూ చీకటి. బొమ్మకూ మేలు లేదు, ఫొటోకూ మేలు లేదు.

పొద్దున ఎనిమిదింటికి అదే మండపం వేరేగా ఉంటుంది. ఏటవాలు ఎండ స్తంభాల మధ్య నుంచి వచ్చి నేల బండల మీద పడుతుంది. బండలు ఆ వెలుగును పైకి విసురుతాయి. కప్పు మీది బొమ్మలకు కింది నుంచి మెత్తటి వెలుగు అందుతుంది. అప్పుడు ఫ్లాష్ అక్కర్లేదు. ట్రైపాడ్ కూడా అక్కర్లేదు. ఫోనును వెల్లకిలా నేల మీద పెట్టి, టైమరు నొక్కి, రెండడుగులు వెనక్కి జరిగితే చాలు. చెయ్యి వణకదు కాబట్టి రెండు మూడు సెకన్ల పాటు కదలకుండా వెలుగు తాగి, చీర మీది గడి కూడా విడివిడిగా కనిపించేలా బొమ్మను అందిస్తుంది. నా మాట నమ్మనక్కర్లేదు, మీరే ఒక పొద్దున ప్రయత్నించి చూడండి. అయితే నేల మీద ఫోను పెట్టాలంటే చుట్టూ తొక్కేవాళ్లు ఉండకూడదు. నలభై మంది ఒకేసారి లోపలికి వచ్చే గుంపులో అది కుదరదు.

కేంద్ర పురావస్తు శాఖ 2018 జూలైలో తన రక్షణలోని కట్టడాల ఆవరణల్లో ఫొటోలు తీసుకోవడానికి అనుమతి ఇచ్చింది. అజంతా చిత్రాలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్ సమాధి మందిరం, ఈ మూడు చోట్లకే మినహాయింపు. అంటే లేపాక్షి మండపాల్లో ఫొటో తీయడం తప్పు కాదు. గర్భగుడి సంగతి వేరు, అక్కడ దేవుడున్నాడు. ట్రైపాడ్‌కు మాత్రం ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఒక్కరోజు బస్సులో వచ్చే మనిషి ఏ ఆఫీసుకు వెళ్లి ఆ అనుమతి తెచ్చుకుంటాడు? బస్సు నడిపేవాళ్లే ముందుగా అడిగి తెచ్చిపెట్టొచ్చు. ఇంతవరకూ అలా చేసిన టూరును నేను చూడలేదు.

గుంపును నేను తప్పుపట్టను. ఇది మీకు స్పష్టంగా చెప్పాలి. వీరభద్రుడి దర్శనానికి వచ్చిన పెద్దావిడకు నా లెన్సుతో పని లేదు. వేలాడే స్తంభం కింద కండువా దూర్చి ఇవతలి నుంచి అవతలికి లాగాలని ప్రతి పిల్లవాడికీ ఉంటుంది, ఉండాలి కూడా. వాళ్లు నా ఫ్రేములోకి వచ్చారనుకోవడం అహంకారం. వాళ్ల గుడిలోకి నేను కెమెరా పట్టుకుని వచ్చాను. మెడలో కెమెరా కనబడితే బస్సులో ప్రతివాళ్లూ "అన్నా, మా ఇద్దరికీ ఒకటి తీయవా" అంటారు. సంతోషంగా తీస్తాను. ఆ ఇంటి గోడ మీద ఇరవై ఏళ్లు ఉండే ఫొటో అది, నా శిల్పం ఫొటో కంటే దానికే విలువెక్కువ. చిక్కు మనుషుల మధ్య లేదు. అందరికీ కలిపి ఇచ్చిన సమయమే చాలడం లేదు. గంటన్నర ఇస్తే దర్శనం చేసుకునేవాళ్లు దర్శనం చేసుకుంటారు, ఆడుకునేవాళ్లు ఆడుకుంటారు, కప్పు చూసేవాళ్లు కప్పు చూస్తారు. ఇప్పుడిచ్చే ముప్పావు గంటలో మాత్రం ముగ్గురూ ఒకరినొకరు తోసుకుంటారు.

"ఫొటోలే కావాలంటే సొంతంగా వెళ్లొచ్చుగా" అని మీ అధికారులెవరైనా అనొచ్చు. డబ్బున్నవాళ్లు వెళతారు. కాలేజీలో చదువుకుంటూ అప్పు చేసి కెమెరా కొనుక్కున్న కుర్రవాడు బస్సులోనే రావాలి. మోకాళ్ల నొప్పులున్న రిటైర్డు టీచరమ్మ బస్సులోనే రావాలి. ఫొటోలు తీసే ఆడపిల్లలు చాలామంది ఇంట్లో ఒప్పుకునేది గుంపుతో వెళ్లే టూరుకే. తెల్లవారుజామున గుట్ట మీదికో, ఏటి గట్టుకో ఒక్కతే వెళ్లి వెలుగు కోసం కాచుకుంటానంటే పంపే ఇళ్లు మనకింకా తక్కువే. వాళ్లకు ఆ వెలుగు అందాలంటే టూరే దాన్ని అందించాలి.

ప్రయాణంలో ఎక్కడ ఆగాలో నిర్ణయించే అధికారం ఎవరిది అన్న దాని మీదే మిగతాదంతా నడుస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు వెంట దాదాపు వంద మంది ఉన్నారు. అదీ గుంపు ప్రయాణమే. కానీ రాసేవాడూ ఆయనే, మజిలీ వేయించేవాడూ ఆయనే. అందుకే పదిహేను నెలల దారిలో ఆయన చూడదలచినవన్నీ చూసి రాయగలిగాడు. మన బస్సులో మజిలీ వేసేది భోజనం ఆర్డరిచ్చిన హోటలు.

తాడిపత్రి సంగతి చెబుతాను. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాలు రెండు పైదాకా లేవకుండానే ఆగిపోయాయి. కింది రాతి భాగమే మిగిలింది. కానీ ఆ కింది భాగం మీద చెయ్యి పెట్టడానికి చెక్కని చోటు లేదు. జేమ్స్ ఫెర్గూసన్ తన భారతీయ వాస్తు చరిత్రలో వాటిని ఎంతో మెచ్చుకున్నాడు. మద్రాసు ప్రభుత్వం కోరిక మీద 1867, 1868 సంవత్సరాల్లో దక్షిణాది గుళ్లను ఫొటోలు తీసిన కెప్టెన్ ఎడ్మండ్ డేవిడ్ లయన్ తాడిపత్రికీ వచ్చాడు. అది తడి గాజుపలకల కాలం. పలకకు మందు పూసి, అది ఆరిపోయేలోపు కెమెరాలో పెట్టి తీసి, ఆ వెంటనే చీకటి గుడారంలో కడగాలి. మా ఎండలో ఆ పలక ఎంత తొందరగా ఆరిపోతుందో ఊహించండి. అయినా ఆ ఫొటోల్లో రాతి మీది సన్నటి గీతలు కూడా కనిపిస్తాయి. నేడు జేబులో ఉన్న ఫోను ఆయన సామాను మొత్తం చేయలేని పనులు చేస్తుంది. ఆయన దగ్గరుండి మన దగ్గర లేనిది ఒకటే. గోపురం మీదికి వెలుగు సరైన కోణంలో వచ్చేదాకా ఆయన ఆగగలిగాడు.

తాడిపత్రి, బెలూం గుహలు, గండికోట మూడూ ఒకే రోజులో చూపించే టూర్లున్నాయి. మూడూ ఒకే రోజులో వద్దనను, దూరాలు అలాంటివే. వరస మార్చమంటాను. బెలూం గుహల్లో కరెంటు దీపాల వెలుగే కాబట్టి పగలెప్పుడు వెళ్లినా ఒకటే. మిట్టమధ్యాహ్నం జనాన్ని అక్కడికి తీసుకెళ్లండి, ఎండా తప్పుతుంది. పొద్దున్నే తాడిపత్రి, సాయంత్రం గండికోట లోయ. తాడిపత్రి నుంచి బెలూం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు అంతే. దీనికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఇంకో రకం సమస్య. దాదాపు ఐదెకరాల మేర పరుచుకున్న చెట్టు. బెంగళూరుకు చెందిన విలేకరి, ఫొటోగ్రాఫరు రిగ్రెట్ అయ్యర్ పట్టుబట్టి దాని గురించి లోకానికి చెప్పాడు, 1989లో అది గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఒక ఫొటోగ్రాఫరు పట్టుదల ఒక చెట్టుకు ఏం చేయగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. కానీ బస్సు దిగినవాళ్లు ఆ చెట్టును ఫొటో తీయలేరు. ఎటు నిలబడినా అడవిలా కనిపిస్తుంది తప్ప ఒక చెట్టులా కనిపించదు. అందుకని అందరూ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లిపోతారు. ఎత్తు నుంచి చూడటానికి చెట్టుకు దూరంగా, వేళ్లకూ ఊడలకూ హాని లేకుండా ఒక చూపు గుట్టనో, మంచె లాంటిదో ఏర్పాటు చేస్తే వచ్చినవాళ్లకు తామేం చూశారో అర్థమవుతుంది. లోపల ఊడల నడుమ తిరగడానికి గంట కావాలి. ఏది మొదటి మానో, ఏది ఊడ దిగి మానైందో పోల్చుకోవడంలోనే ఉంది ఆ చెట్టు అందం.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి. తోలుబొమ్మల ఊరు అది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడికి వచ్చే బస్సులు పగలే వస్తాయి. జనం గోడకు తగిలించిన బొమ్మలనూ, తోలుతో చేసిన దీపపు గొడుగులనూ చూసి, ఫొటో తీసి, ఒకటో రెండో కొని వెళతారు. కొనడం మంచిదే, ఆ ఇళ్లు గడుస్తున్నది దానితోనే. కానీ తోలుబొమ్మ గోడ మీద చూసేది కాదు. తోలును పలచగా గీకి, వెలుగు దూరేలా చేసి, నగలకూ అంచులకూ సన్నటి రంధ్రాలు కొట్టి, రంగులు వేసేది అంతా ఒక తెల్లటి తెర వెనక దీపం వెలిగించడం కోసమే. దీపం వెలిగిన తర్వాత రావణుడి పది తలలూ ఎర్రగా రగులుతాయి, రంధ్రాల్లోంచి వెలుగు నగల్లా మెరుస్తుంది. గోడ మీద అదే బొమ్మ మచ్చలు పడ్డ తోలులా ఉంటుంది. పగటి ఫొటోలు చూసినవాళ్లకు ఈ కళ ఏమిటో తెలియదు. తెలియని కళకు ఎవరూ డబ్బు పెట్టరు.

తెర మీది ఆటను ఫొటో తీయడం తేలిక కాదు. బొమ్మ ఒక్కక్షణం ఆగదు, చేతులు ఊపుతూనే ఉంటుంది. చుట్టూ చీకటి, తెర మీద వెలుగు. కెమెరాను తనిష్టానికి వదిలేస్తే చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది, తెర పాలిపోతుంది. తెర మీద వేలు పెట్టి అక్కడి వెలుగును లెక్క తీసుకోమని ఫోనుకు చెప్పాలి. పాటకు దరువు పడి బొమ్మ ఒక భంగిమలో నిలిచే అరసెకను కోసం కాచుకోవాలి. అది రెండు పాటలు విన్న తర్వాత గాని చేతికి రాదు. కాబట్టి పూర్తి ఆట ఒక గంట కావాలి, అదీ చీకటి పడ్డాక. కళాకారులకు టిక్కెట్టు డబ్బులు ముట్టే పద్ధతిలో ఆ గంట టూరులో చేరిస్తే ఊరికీ మేలు, చూసేవాళ్లకూ మేలు.

ఇప్పటిదాకా రాళ్ల గురించి, చెట్టు గురించి, బొమ్మల గురించి చెప్పాను. ఈ ఉత్తరం రాయించింది మాత్రం మనుషులు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. కరువు మా గురించి ఎవరో పుట్టించిన మాట కాదు, దాన్ని దాచాలనీ నేను అడగను. కానీ బస్సు కిటికీలోంచి, దుమ్ము పట్టిన అద్దం వెనక నుంచి, పోతూ పోతూ తీసే ఫొటోలు ఎలా ఉంటాయో చూశాను. బీటలు వారిన చెరువు, చెట్టు కింద కూర్చున్న ముసలాయన, నెత్తిన బిందెతో ఒక ఆడమనిషి. ఆ ముసలాయన చెనిక్కాయలు ఒలిచి, అలసట తీర్చుకోవడానికి కూర్చుని ఉండొచ్చు. ఆ అమ్మ ఇంట్లో శుభకార్యానికి నీళ్లు మోస్తుండొచ్చు. ఎవరూ అడగలేదు కాబట్టి ఫొటోలో ఇద్దరూ కరువు బాధితులే అవుతారు. అదే బస్సు జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడు వస్తే ఎర్రనేల మీద గొర్రు పట్టిన మనుషుల వరసలు కనిపిస్తాయి. ఆగస్టులో చెనిక్కాయ చేలు పసుపు పూలు పూసి ఉంటాయి. ఆ రోజుల్లో టూర్లు తక్కువ.

మమ్మల్ని ఇలా చూడటం కొత్త కాదు. 1876లో మొదలైన ధాత కరువులో మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగమే. బళ్లారి ఆ కరువు దెబ్బ గట్టిగా తిన్న జిల్లాల్లో ఒకటి. ఆ కరువులో డబ్ల్యూ. డబ్ల్యూ. హూపర్ అనే మద్రాసు సైన్యాధికారి ఎముకల గూళ్లయిన మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. అవి నేటికీ పుస్తకాల్లో ఉన్నాయి. ఫొటో కోసం వాళ్లను అలా అమర్చినందుకు హూపర్‌ను నేటికీ తప్పుపడుతున్నారు. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ల పేరు ఒక్కటీ మనకు తెలియదు.

ఇంకో దారీ ఉందని మా జిల్లాలోనే రుజువైంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ పనిని చూడటానికి స్పెయిన్ నుంచి జనం ఏళ్ల తరబడి వస్తున్నారు. అలాగే వచ్చింది క్రిస్టీనా గార్సియా రొదేరో, మాగ్నం సంస్థలో చేరిన స్పెయిన్ ఫొటోగ్రాఫరు. ఆమె వారాల తరబడి ఇక్కడే ఉండి ఇళ్లలో, బడుల్లో, ఆసుపత్రుల్లో, ఆడవాళ్లు పనిచేసే చోట్లలో ఫొటోలు తీసింది. ఆ ఫొటోలను స్పెయిన్‌లో ప్రదర్శించినప్పుడు పెట్టిన పేరుకు అర్థం కలల నేల. ఆమెకు మన భాష రాదు. కానీ ఆమె కూర్చుంది, ఎదుటివాళ్లు తనను చూడటానికి అలవాటు పడేదాకా ఆగింది. మా పల్లె మనుషులు ఆ ఫొటోల్లో తలెత్తి కెమెరా వైపు చూస్తారు. టూరు బస్సులో వచ్చే మనిషికి వారాలు ఉండవని నాకూ తెలుసు. ఒక ఊరి రచ్చబండ దగ్గర ఇరవై నిమిషాలు కూర్చుని, మజ్జిగ తాగి, "అవ్వా, ఒక ఫొటో తీసుకోనా" అని అడిగే వెసులుబాటు మాత్రం ఇవ్వొచ్చు కదా. అవ్వ వద్దంటే దించేయాలి. సరే అంటే ఆ ఫొటో ప్రింటు ఆమెకు చేరాలి. తీసుకెళ్లిన ఫొటో తిరిగి రావడం మా పల్లెల్లో చాలామంది ఇంతవరకూ చూడలేదు. గైడు ద్వారా నెలకోసారి ప్రింట్లు పంపే ఏర్పాటు ఏమంత కష్టం కాదు.

ఆ మర్యాద మనుషులకే కాదు, పక్షులకూ దక్కాలి. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే పెయింటెడ్ స్టార్క్ కొంగలను ఊరివాళ్లే కాపాడుకుంటున్నారు. గూళ్లలో పిల్లలున్న రోజుల్లో బస్సు ఊరి బయటే ఆగాలి, హారన్ కొట్టకూడదు, చప్పట్లు కొట్టి కొంగలను లేపి ఎగిరే ఫొటో తీయించే అలవాటు ఎక్కడున్నా మానిపించాలి. బెదిరిన తల్లి లేచిపోతే గూటిలోని పిల్ల ఎండకు మాడుతుంది.

ఇక నా విన్నపం. లేపాక్షిలో మీ శాఖ హోటలు ఉంది. వారానికి ఒక్క బస్సును సాయంత్రానికి అక్కడికి చేర్చండి. రాత్రి బస. తెల్లవారాక ముందు నంది, ఆ తర్వాత గుడి, గంటన్నర. పది దాటాక బస్సు కదలాలి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు బస్సు నడవాలి, ఏటవాలుగా ఉన్నప్పుడు ఆగాలి. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం. మధ్యాహ్నం పెనుకొండ మీదుగా ధర్మవరం, చీకటి పడ్డాక నిమ్మలకుంటలో తెర. చూసే చోట్ల సంఖ్య తగ్గుతుంది, నిజమే. కరపత్రంలో ఏడు చోట్లకు బదులు మూడు రాయాల్సి వస్తుంది. అయినా సీట్లు నిండుతాయని నా నమ్మకం, ఎందుకంటే వెళ్లొచ్చినవాళ్లు తెచ్చే ఫొటోలే ఆ టూరుకు ప్రచారం.

పురావస్తు శాఖ కేంద్రానిది, దేవాదాయ శాఖ మీ సహచర మంత్రిది, ప్రైవేటు టూర్లు ఎవరి మాటా వినవు. ఇవన్నీ తెలిసే మీకు రాస్తున్నాను. ముందు మీ బస్సు చేసి చూపిస్తే మిగతావాళ్లు అనుకరిస్తారు. లేపాక్షి గుడి తెరిచిన మొదటి గంటలో చిన్న స్టాండ్లకు అక్కడికక్కడే అనుమతి ఇచ్చేలా పురావస్తు శాఖతో మీరు మాట్లాడితే ఆ శాఖ వింటుంది, నేను మాట్లాడితే వినదు. గైడ్లుగా హిందూపురం, లేపాక్షి, ధర్మవరం కుర్రవాళ్లనూ అమ్మాయిలనూ తీసుకోండి. విరుపణ్ణ తన కళ్లు పీక్కుని గోడకేసి కొట్టిన కథ చెప్పడానికి పట్టే సమయంలో సగం, తలెత్తి కప్పు చూడమని చెప్పడానికి కేటాయించేలా వాళ్లకు శిక్షణ ఇవ్వండి.

ఆ శిక్షణకు మనిషి కావాలంటే నేనున్నాను. మండపంలో ఏ బొమ్మను ఏ మూల నుంచి చూపించాలో, నేల మీద ఫోను ఎలా పెట్టించాలో, నిమ్మలకుంటలో తెరకు ఎంత దూరంలో జనాన్ని కూర్చోబెట్టాలో నా ఖర్చులతో వచ్చి నేర్పుతాను. అనంతపురంలో ఫొటోలు తీసే మిత్రులు ఇంకొందరున్నారు, వాళ్లూ వస్తామన్నారు. సెప్టెంబరులో ఎండ కాస్త వాలుతుంది, చేలు ఇంకా పచ్చగా ఉంటాయి. మొదటి బస్సు అప్పుడు వేస్తే బాగుంటుంది. ఆగస్టు మొదటి వారంలోగా కబురు చేస్తే మేం సిద్ధంగా ఉంటాం.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక ఫొటోగ్రాఫరు